తలుపు తీసేవారి పరిచర్య



2025 సెప్టెంబరు 30వ తేదీన అమెరికాలో ఏ.ఓ.ఎల్. అనే కంపెనీ తన డయల్-అప్ ఇంటర్నెట్ సేవను ఆపివేసింది. మామూలు ఫోను తీగ మీద నంబరు తిప్పి, కీచుమనే గురగురమనే శబ్దములు విని, ఆ తరువాత లోకముతో సంబంధము కలుపుకునే పాత పద్ధతి అది. ఆ వార్త విని చాలామంది, అది ఇంకా బ్రతికే ఉన్నదా అని ఆశ్చర్యపడ్డారు. మాకు మాత్రము విశాఖపట్నము ద్వారకా నగర్‌లో మేము గడిపిన సంవత్సరములు గుర్తుకు వచ్చాయి. ఆ పనిలో దేవుడు మాకు నేర్పిన సంగతులు కొన్ని ఈ పత్రిక చదివే కుటుంబములతో పంచుకోవాలని అనిపించింది.

ఆ కాలములో మేము నలుగురము ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థలో మోడెం గది చూసేవారము. సంస్థ పేరు ఇక్కడ అవసరము లేదు. అది మూతపడి చాలాకాలమైంది. మాలో ఇద్దరు లైన్లు, యంత్రములు చూసేవారు. ఒక అక్కగారు లెక్కలు చూసేవారు. ఒక పెద్దాయన రాత్రి కాపలాతోపాటు బ్యాటరీలలో నీళ్లు పోసే పని కూడా చేసేవారు. నలుగురము నాలుగు సంఘములవారమైనా మధ్యాహ్నము అన్నము డబ్బాలు ఒకచోటే విప్పి ఒకే ప్రార్థన చేసుకునేవారము. ఇది నలుగురి జ్ఞాపకము గనుక 'మేము' అనే రాస్తున్నాము.

పాత నిబంధనలో మొదటి దినవృత్తాంతముల గ్రంథము తొమ్మిదవ అధ్యాయము మనము త్వరగా తిప్పేసే పేజీలలో ఒకటి. అన్నీ పేర్లే. అయితే అక్కడ దేవుని మందిరపు ద్వారపాలకుల లెక్క ఉంది. వారు 212 మంది. రాత్రి మందిరము చుట్టూ బస చేయడము, తెల్లవారగానే తలుపులు తెరవడము వారి పని. వారు ప్రసంగము చేసినట్లు గాని బలి అర్పించినట్లు గాని అక్కడ చెప్పలేదు. అయినా వారి లెక్క పరిశుద్ధ గ్రంథములో ఉంది. మా పని కూడా తలుపు తీసే పనే. ఊరి పేరులోనే ద్వారము ఉన్న పేటలో కూర్చొని ఆ పని చేశామని మేము నవ్వుకునేవారము.

ఉత్తరము కోసము ఎదురు చూసిన ఊరు

విశాఖపట్నము దూరపు కబురు విలువ ఎరిగిన ఊరు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు సేవకులు ఇక్కడ దిగారు. తెలుగువారి మధ్య స్థిరపడి సువార్త పనిచేసిన మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు వారు. వారు ఇంటికి రాసిన ఉత్తరము ఓడమీద నెలల తరబడి ప్రయాణము చేయాలి. జవాబు రావడానికి మళ్లీ అన్ని నెలలు. ఆనందరాయరు అనే విశ్వాసి తోడ్పాటుతో వారు సువార్తలను తెలుగులోకి తర్జుమా చేయసాగారు. 1809లో క్రాన్ గారు, 1810లో డెస్ గ్రాంజెస్ గారు ప్రభువునందు నిద్రించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయి వచ్చింది 1812లో. పనిచేసినవారు ఫలము చూడలేదు. కాని తలుపు తెరుచుకుంది.

తరువాత 1933లో ఓడరేవు తెరిచారు. 1992లో ఉక్కు కర్మాగారమును జాతికి అంకితము చేశారు. ఊరు పెరిగింది. పల్లెల పిల్లలు ఓడలమీదికి, గల్ఫు దేశములకు, హైదరాబాదుకు, అమెరికాకు వెళ్లిపోయారు. చోడవరము, మాడుగుల, నర్సీపట్నము, యలమంచిలి చుట్టుపక్కల ఇళ్లలో అమ్మానాన్నలు మిగిలారు. ఉత్తరము వస్తే వీధరుగు మీద పదిమంది కూర్చొని వినేవారు. పసుపుపచ్చ బోర్డు పెట్టిన ఎస్.టి.డి. బూత్‌లో మీటరు వైపు చూస్తూ రెండు నిమిషములు మాట్లాడి, చెప్పవలసిన మాట చెప్పకుండానే ఫోను పెట్టేసేవారు.

మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా మొదలైంది. మొదట నాలుగు మహానగరములకే. ప్రైవేటువారికి అనుమతి వచ్చింది 1998 నవంబరులో. దేశమంతటికీ ఒక రకము లైసెన్సు, రాష్ట్ర స్థాయికి ఇంకొకటి, జిల్లా స్థాయికి మరొకటి ఇచ్చారు. పెద్ద కంపెనీలు మొదటి రకము తీసుకుంటే, చిన్న ఊళ్లలో కొద్దిపాటి పెట్టుబడి ఉన్నవారు మూడవ రకము తీసుకున్నారు. అలాంటి ఒక సంస్థ ద్వారకా నగర్‌లో ఒక మేడమీద రెండు గదులు అద్దెకు తీసుకొని పెట్టింది. క్రింద కంప్యూటర్ శిక్షణ బోర్డులు, పుస్తకాల షాపులు. కొద్ది దూరములో ఆర్.టి.సి. కాంప్లెక్సు. పాడేరు బస్సు దిగిన మనిషి మా మెట్లు ఎక్కి, 'బాబూ, ఇంటర్నెట్ అమ్మే షాపు ఇదేనా?' అని అడిగేవాడు.

గదిలో ఏమి ఉండేది?

మోడెం అంటే ఏమిటో కొంచెము చెప్పాలి. కంప్యూటరుకు తెలిసినవి సున్నా, ఒకటి మాత్రమే. ఫోను తీగ మోయగలిగింది మనిషి గొంతు లాంటి శబ్దము. అంకెలను శబ్దముగా, శబ్దమును తిరిగి అంకెలుగా మార్చే పెట్టే మోడెం. పల్లెలోని మోడెం మా మోడెమును పిలిచినప్పుడు ఆ రెండూ మొదట కొన్ని క్షణములు కీచుగొంతుతో మాట్లాడుకునేవి. నీకెంత వేగము వచ్చు, మన మధ్య తీగ ఎంత బాగున్నది అని పరీక్షించుకునేవి. తీగ బాగోలేదంటే వేగవంతమైన మోడెం తన వేగము తగ్గించుకొని బలహీనమైన తీగకు సరిపడేటట్టు మాట్లాడేది. అది చూసినప్పుడల్లా మా పెద్దాయన, 'మనుషులకు కూడా ఈ బుద్ధి ఉంటే ఎన్ని కుటుంబములు నిలబడును' అనేవారు.

1998లో వచ్చిన ప్రమాణము ప్రకారము మోడెం పెట్టెమీద సెకనుకు 56,000 బిట్లు అని రాసి ఉండేది. పట్నములో మంచి తీగ ఉన్నవారికి అందులో చాలామట్టుకు దొరికేది. పల్లెలో చాలా ఇళ్లకు 28,800 దొరికితే గొప్ప. వానలు పడితే 14,400. ఆ వేగములో చిన్న ఉత్తరము ఒకటి రెండు సెకన్లలో వెళ్తుంది. అదే వంద కిలోబైట్ల ఫోటో ఒకటి రావాలంటే దాదాపు నిమిషము పడుతుంది. అందుకే మేము మెట్లెక్కి వచ్చిన ప్రతివారికి ఒకే పాఠము చెప్పేవారము: 'ముందు ఉత్తరము నిదానముగా రాసుకోండి. ఆ తరువాత లైను కలపండి. పంపండి, వచ్చినది తీసుకోండి, లైను వదలండి. చదవడము తరువాత.' ఫోను బిల్లు నిమిషములనుబట్టి పడుతుంది గనుక ఈ పాఠము పేదవాడికి డబ్బు.

పల్లె టెలిఫోను గురించి ఒక మాట చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. 1984లో ఏర్పడిన సి-డాట్ అనే ప్రభుత్వ సంస్థలో మన ఇంజనీర్లు, ఏ.సి. గది అక్కరలేని, మన ఎండకు దుమ్ముకు తట్టుకునే 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజి తయారు చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. ఆ తరువాత అలాంటివి దేశమంతట పల్లెలలో వెలిశాయి. అవి లేకపోతే మా మోడెములను పిలిచేవారే లేరు. ఒకరి పని మీద ఒకరి పని నిలబడుతుంది. ఎవరూ ఒంటరిగా కట్టలేదు.

మా గదికి శత్రువులు ముగ్గురు. మొదటిది సముద్రపు గాలి. రాగి తీగ చివరలు, కార్డుల మొనలు పచ్చగా చిలుము పట్టేవి. నెలకొకసారి విప్పి తుడిచేవారము. రెండవది పిడుగు. ఎక్కడో ఊరి బయట తీగమీద పడినా దాని పోటు తీగవెంబడి వచ్చి మోడెములను కాల్చేది. అందుకని మేడ క్రింద గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు దింపాము. వేసవిలో ఆ గొయ్యి ఎండకుండా రోజూ బిందెడు నీళ్లు పోయడము మా పెద్దాయన పని. చూసేవారికి అది మట్టికి నీళ్లు పోస్తున్న పిచ్చితనము. పిడుగు పడినరోజు దాని విలువ తెలిసేది. మూడవది కరెంటు కోత. దాని సంగతి తరువాత చెబుతాము.

పలకని తలుపు

మాకు ముప్పై లైన్లు, పిలవడానికి ఒకటే నంబరు. ఎవరైనా ఆ నంబరు తిప్పితే ఎక్స్ఛేంజి మొదటి లైను ఖాళీగా ఉందా, లేకపోతే రెండవది, మూడవది అని వరుసగా చూసి ఖాళీగా ఉన్నదానికి కలిపేది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఐదవ లైను మీద మోడెం చచ్చిపోయిందనుకోండి. అది ఫోను ఎత్తదు. ఎత్తదు గనుక అది ఎప్పుడూ ఖాళీగానే కనబడుతుంది. మొదటి నాలుగు పనిలో ఉండగా పిలిచిన ప్రతివాడూ దానిమీదికే వెళ్లి పడతాడు. గంట మోగుతూనే ఉంటుంది, ఎవరూ పలకరు. వెనుక ఇరవై ఐదు మంచి మోడెములు ఊరికే కూర్చొని ఉంటాయి. పల్లెలో ఉన్న మనిషికి మాత్రము సంస్థ అంతా చచ్చిపోయినట్టే.

ఇంకా చిత్రమైనది, సగము చచ్చిన మోడెం. అది ఫోను ఎత్తుతుంది కాని మాట్లాడదు. అప్పుడు పిలిచినవారికి బిల్లు కూడా పడుతుంది. అందుకే తెల్లవారి ఆరు గంటలకు, రద్దీ మొదలు కాకముందు, మాలో ఒకరు ముప్పై లైన్లనూ ఒక్కొక్కటిగా పిలిచి చూసేవారు. పలికిందా, మాట కలిసిందా అని నోటుపుస్తకములో గీత పెట్టేవారు. అరగంట పని. యంత్రము తెర మీద అన్నీ బాగున్నట్లు పచ్చదీపములు వెలుగుతూ ఉన్నప్పుడు కూడా పిలిచి చూడవలసిందే. దీపము వేరు, పలకడము వేరు.

సంఘములో కూడా ఇంతే అని మాకు తరచుగా అనిపించేది. కొత్తగా ఒక కుటుంబము ఆరాధనకు వస్తుంది. వారు మొదట కలిసిన మనిషి పలకకపోతే, వెనుక ఎంతమంది ప్రేమగలవారు కూర్చొని ఉన్నా ఆ కుటుంబమునకు సంఘమంతా పలకనట్టే.

గంటల లెక్క

ఇప్పుడు మా మనస్సులను ఎక్కువగా పరీక్షించిన సంగతి చెబుతాము. ఆ రోజుల్లో ఇంటర్నెట్‌ను గంటల లెక్కన అమ్మేవారము. 25 గంటలు, 50 గంటలు, 100 గంటలు. ఒకరు లోపలికి రాగానే మా యంత్రము లెక్కల యంత్రమునకు 'ఫలానావారు వచ్చారు' అని చీటీ పంపేది. వారు వెళ్లగానే 'వెళ్లారు' అని ఇంకొక చీటీ. రెండింటి మధ్య కాలము వారి ఖాతాలో తగ్గేది.

ఒక్కసారిగా కరెంటు పోయి, బ్యాటరీలు కూడా నిలబడకపోతే, 'వచ్చారు' అనే చీటీ ఉంటుంది, 'వెళ్లారు' అనే చీటీ రాదు. పాపము ఆ మనిషి లైను తెగిపోయి దీపము వెలిగించుకొని కూర్చుంటాడు. మా లెక్కలో మాత్రము ఇంకా లోపలే ఉంటాడు. రాత్రంతా గంటలు కరుగుతూనే ఉంటాయి. పొద్దున అతడు మళ్లీ పిలిస్తే, నీవు ఇప్పటికే లోపల ఉన్నావు, రెండుసార్లు రాకూడదు అని యంత్రము తిప్పికొడుతుంది!

లెక్కలు చూసే అక్కగారు ఇది మొదట పట్టుకున్నారు. కరెంటు పోయిన సమయము ఎర్తు గొయ్యి పెద్దాయన పుస్తకములో ఉంది. ఖాతాల పుస్తకముతో దాన్ని పోల్చి చూస్తే, ఒక్క రాత్రి పదకొండుమంది గంటలు కరిగిపోయాయి. మేము వెంటనే వాటిని తిరిగి వేసి, యజమానిగారికి చెప్పాము.

ఆయన చెడ్డవారు కారు. అప్పు తెచ్చి పెట్టిన వ్యాపారము. పెద్ద కంపెనీలు నెలనెలా ధర తగ్గిస్తున్నాయి. ఆయన అన్నది ఇంతే: 'ఎవరైనా వచ్చి అడిగితే వేద్దాము. అడగనివారికి వెదికి వెదికి ఎందుకు వేయడము? అందరూ ఇలాగే చేస్తున్నారు.' ఆ మాటలో వ్యాపార జ్ఞానము ఉంది. అడిగేవాడు ఎవడు? పట్నములో చదువుకున్నవాడు అడుగుతాడు. గంటలు ఎలా లెక్కిస్తారో తెలియని పల్లెవాడు, నాకే ఎక్కువ వాడేసే అలవాటు కాబోలు అనుకొని ఇంకొక కార్డు కొంటాడు. అంటే నష్టమంతా తెలియనివాడి నెత్తిమీద.

తూకములో చేసే మోసము దేవునికి గిట్టదని సొలొమోను జ్ఞానము మనకు నేర్పుతుంది. సంతలో అయితే త్రాసు కళ్లకు కనబడుతుంది. కొనేవాడు ముల్లు చూడగలడు. మా త్రాసు మూసిన గదిలో ఉంది. దాని ముల్లు చూడగలిగింది మేము నలుగురమే. చూడగలిగినవాడి మీదే బాధ్యత అని మాకు తోచింది. అక్కగారు యజమానిగారితో, 'అయ్యా, మీరు జీతమిచ్చేది లెక్క సరిగా రాయడానికే కదా. సరిగానే రాయనివ్వండి. పని ఎక్కువైతే నేను అరగంట ముందు వస్తాను' అన్నారు. ఆయన సరే అనలేదు, వద్దు అనలేదు. రెండు వారములు మాతో సరిగా మాట్లాడలేదు. ఉద్యోగము ఉంటుందో పోతుందో అని మా ఇళ్లలో భయము. ఒకరికి అప్పుడే బిడ్డ పుట్టింది. అయినా ప్రతి ఉదయము కరెంటు పుస్తకము, ఖాతాల పుస్తకము ప్రక్క ప్రక్కన పెట్టి గంటలు తిరిగి వేస్తూనే వచ్చాము.

మూడవ వారములో చోడవరము వైపునుండి ఒక బడిపంతులుగారు వచ్చారు. ఐదు కుటుంబములు కలిసి ఆయన ఇంట ఒకే ఖాతా పెట్టుకున్నాయి. ఎవరు ఎప్పుడు ఎన్ని నిమిషములు వాడారో ఆయన ఒక ఎక్సర్‌సైజు పుస్తకములో ఎర్రసిరాతో రాసిపెట్టారు. యజమానిగారి ముందు కూర్చొని, మా లెక్కను, తన లెక్కను వరుసగా పోల్చారు. మూడు నెలలకు కలిపి తేడా ఏడు నిమిషములు. 'మా ఊళ్లో కిరోసిను కొలత కూడా ఇంత నికరముగా రాదండి' అని నవ్వి, అక్కడికక్కడే ఇంకొక రెండు ఖాతాలకు డబ్బు కట్టి వెళ్లారు. యజమానిగారు ఏమీ అనలేదు. మరునాడు, లెక్కల గదికి వేరుగా ఒక బ్యాటరీ సెట్టు కొని పంపించారు. ఆయన మాట మార్చుకున్నది అలా.

నీతిగా ఉంటే లాభము తప్పక వస్తుందని చెప్పడానికి ఇది రాయడము లేదు. ఆ సంస్థ చివరకు మూతపడింది. పంతులుగారు రాకపోయినా ఆ గంటలు వారివే.

ఫలితముల రోజు

పదవ తరగతి, ఇంటర్, ఎంసెట్ ఫలితములు ఇంటర్నెట్‌లో పెట్టడము మొదలైన తరువాత మాకు ఏడాదికి మూడు నాలుగు మహాదినములు వచ్చేవి. ముప్పై లైన్లూ నిండిపోయేవి. ఆ రోజు ఎవరైనా పది నిమిషములకు మించి ఉండకుండా కట్టడి పెట్టేవారము. కాని కంప్యూటరే లేని ఇళ్ల సంగతి? అందుకని కౌంటరు మీది మామూలు ఫోను వారికోసము వదిలాము. పల్లెనుండి ఎవరైనా బూత్‌లో నుండి హాల్‌టికెట్ నంబరు చెబితే, చూసి చెప్పేవారము. దానికి రుసుము లేదు.

ఆ ఫోను దగ్గర అక్కగారినే కూర్చోబెట్టాము. పాసైనవారికి ఎవరైనా చెప్పవచ్చు. తప్పినవారికి చెప్పడము అందరికీ చేతకాదు. ఆమె నంబరు చూసిన వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు, 'బాబూ, నీతో ఎవరు వచ్చారు? నాన్నగారు ఉన్నారా? ఆయనకు ఒక్కసారి ఫోను ఇస్తావా?' అని అడిగేవారు. తండ్రికి చెప్పి, 'అయ్యా, పిల్లవాడిని ఈ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి. మళ్లీ పరీక్ష ఉంది. కట్టిద్దాము' అనేవారు. మన రాష్ట్రములో ఫలితముల వారములో ఎన్ని ఇళ్లలో దీపములు ఆరిపోయాయో మనకు తెలుసు. యంత్రము చెప్పేది ఒక్క మాట. ఆ మాటను ఎవరి చేతిలో పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నది మనిషి పని. పిల్లలున్న ప్రతి ఇంటివారు ఇది గుర్తుంచుకోవాలని మా మనవి.

ఇంకొక జ్ఞాపకము. మాడుగుల దగ్గర పల్లెనుండి ఒక తల్లి వచ్చేది. కొడుకు సరుకుల ఓడమీద పనివాడు. ఓడ రేవు తాకినప్పుడు అతడు నాలుగు వరుసలు రాసేవాడు, అవీ ఇంగ్లీషు అక్షరములలో తెలుగు మాటలు; తెలుగు అక్షరములు అప్పటి కంప్యూటర్లలో చాలావాటిలో కనబడేవి కావు. ఆమె కాంప్లెక్సులో దిగి నేరుగా మా దగ్గరకు వచ్చి, 'ఏటి బాబూ, మావోడి కబురొచ్చినాదా?' అని అడిగేది. వచ్చిన రోజు కాగితము మీద తెలుగులో రాసి ఇచ్చేవారము. రాని రోజు ఆమె బెంచీమీద కొంతసేపు కూర్చొని, మంచినీళ్లు త్రాగి వెళ్లేది. రాని రోజు కూడా ఆమె తలుపు దాకా వచ్చింది గనుక కూర్చోబెట్టడము కూడా మా పనిలో భాగమే అని నేర్చుకున్నాము.

మెలకువగల రాత్రి

1999 డిసెంబరు 31 రాత్రి సంఘములన్నింటిలో కూడికలు జరుగుతుండగా మేము మోడెం గదిలో ఉన్నాము. పాత కంప్యూటర్లు సంవత్సరమును రెండంకెలతో రాసుకునేవి గనుక 2000 రాగానే దానిని 1900 అనుకొని లెక్కలన్నీ తలక్రిందులవుతాయని లోకమంతా భయపడిన రాత్రి అది. కూడికకు వెళ్లలేకపోయినందుకు మనస్సులో వెలితి. పెద్దాయన చిన్న బైబిలు తెచ్చి, యంత్రముల హోరు మధ్య ద్వారపాలకుల అధ్యాయమే చదివారు. నలుగురము మోకరించాము. పన్నెండు దాటింది. ఏమీ కాలేదు. లైన్లు పలికాయి. పన్నెండుంబావుకు శుభాకాంక్షల ఉత్తరములు వరదలా వచ్చి ముప్పై లైన్లూ నిండిపోయాయి. ఏమీ కాకపోవడము వెనుక, నెలల తరబడి తేదీలు సరిదిద్దిన వేలమంది పేరు తెలియని పనివారు లోకమంతట ఉన్నారు. ఏమీ కాలేదు గనుక వారికి ఎవరూ వందనము చెప్పలేదు.

2004 అక్టోబరులో ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానము ప్రకటించింది. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. దేశములో చాలా చిన్న సంస్థలవలె మాదీ మూతపడింది. మూసే ముందు, గంటలు మిగిలిన ఖాతాదారులకు డబ్బు తిరిగి ఇవ్వాలని యజమానిగారే చెప్పారు. అక్కగారు చివరి నెలంతా ఆ పనే చేశారు. మోడెములు తూకానికి పోయాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టినప్పుడు స్తంభములు, టవర్లు కూలి ఫోన్లన్నీ మూగబోయాయి. దూరదేశములలోని పిల్లలు తల్లిదండ్రుల క్షేమము తెలియక తల్లడిల్లారు. పడిన చెట్ల మధ్య తీగలు మోసుకొని తిరిగిన పనివారిని చూసినప్పుడు మాకు మా గది గుర్తుకు వచ్చింది. తలుపు ఉన్నంతకాలము దానిని ఎవరూ చూడరు. అది మూసుకున్న రోజే దాని సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు పల్లెలో కూడా ప్రతి చేతిలో ఫోను ఉంది. ఓడమీది కొడుకు ముఖము కూడా కనబడుతుంది. నిమిషములు లెక్కపెట్టే అవసరము చాలామందికి లేదు. అయినా, ఒకప్పుడు పదిమందిని అరుగుమీద కూర్చోబెట్టిన నాలుగు వరుసల ఉత్తరముపాటి మాట ఎన్ని ఇళ్లలో కలుస్తున్నది? లైను ఖాళీగానే ఉంది, పిలిచేవారు లేరు. పిలిచినా పలికేవారు లేరు.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారము మీ సంఘములో తాళము తీసేవారెవరో, గంట కొట్టేవారెవరో, చాపలు పరిచేవారెవరో చూడండి. మీ ఊరి కరెంటు లైన్‌మాన్ పేరు, ఫోను తీగలు చూసే అబ్బాయి పేరు తెలుసుకోండి. కుటుంబ ప్రార్థనలో ఆ పేర్లు చెప్పండి. వ్యాపారము చేసే అన్నలారా, కొనేవాడు చూడలేని త్రాసు మీ దగ్గర ఉంటే దానిని రెండుసార్లు చూడండి. దూరములో ఉన్న పిల్లలారా, ఇంటికి పిలవండి. ఇంట ఉన్న పెద్దలారా, వారు పిలిచినప్పుడు మొదటి మాటగా తప్పులు ఎంచకండి.

ద్వారపాలకుల పేర్లను మరువని దేవుడు మీ ఇంటి తలుపును, దాని దగ్గర నిలిచినవారిని దీవించును గాక. ఆమేన్.